క్రిస్మస్ మర్నాటి క్యారేజీ

మొన్న బంజారా హిల్స్‌లో పంటి డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉన్నాను. గోడకున్న టీవీలో ఏదో పాత సినిమా వస్తోంది. నేను చూడటం లేదు, సంచిలో పాత చీటీ వెతుక్కుంటున్నాను. ఉన్నట్టుండి చెవి పక్కనే, "కాళ్ళు కడుక్కుని రా నాయనా, చల్లారిపోతుంది" అని వినబడింది. నేను లేచి నిలబడిపోయాను.

"మీ నంబరు ఇంకా పిలవలేదమ్మా" అన్నాడు పక్కన కూర్చున్నాయన.

టీవీలో ఒక తల్లి కొడుక్కి అన్నం కలుపుతోంది. మొహం ఎవరిదో. గొంతు మాత్రం ఆవిడది. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది.

ఆవిడ పేరు రాయను. రాసినా మీకు తెలియదు, తెరమీద ఏనాడూ పడలేదు. సినిమాల్లో తల్లులకీ, వదినలకీ, అత్తలకీ గొంతు ఇచ్చేది. మేం డబ్బింగ్ చెప్పేవాళ్ళం. ఫిలింనగర్‌లో ఒక చిన్న థియేటర్లో, గుంపులో అరిచే గొంతుల్లో ఒకదాన్నిగా నేను మొదటిసారి వెళ్ళిన రోజున ఆవిడ మైకు ముందు చెప్పులు విడిచి నిలబడి ఉంది. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. పని మొదలయ్యే ముందు దాన్ని తీసి కొంగు చివర ముడి వేసుకునేది. అదే కొంగు మెడ చుట్టూ తిప్పుకుని, కుడి చేతి వేళ్ళతో ఎడమ అరచేతిమీద చిన్నగా తట్టుకుంటూ తెరమీది పెదాలు ఎప్పుడు కదులుతాయో లెక్క చూసుకునేది. ఆ తట్టడం ఆగిందంటే మాట మొదలవుతుంది.

ఆ రోజు నాకొచ్చిన ఒక్క డైలాగులోనూ "వచ్చిండు" అనేశాను. మాది సిద్దిపేట దిక్కు. సౌండు చూసే ఆయన పగలబడి నవ్వాడు.

"నవ్వుతారేంటండీ, వాళ్ళూళ్ళో అలాగే అంటారు" అని ఆయన్ని గద్దించి, నా భుజం తట్టింది. "ఈ బొమ్మలో కథ మా వైపుది తల్లీ. ఇందులో మాత్రం వచ్చాడు అను. బయటికెళ్ళాక నీ ఇష్టం."

ఆవిడది తెనాలి పక్క పల్లె. చాలా ఏళ్ళు మద్రాసులో ఉండి, సినిమావాళ్ళంతా ఇటు వచ్చేస్తుంటే వాళ్ళతోపాటు వచ్చింది. అక్కడ ఆవిడకి ఒక సంసారం ఉండేదని ఎవరో అన్నారు. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. కృష్ణానగర్లో ఒక మేడమీద రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. అందరం ఆంటీ అనేవాళ్ళం.

డిసెంబరు మొదటి వారం నుంచే ఆ రెండు గదుల్లో నూనె వాసన మొదలయ్యేది. మద్రాసు నుంచి మోసుకొచ్చిన ఇనప అచ్చు ఒకటుండేది, గులాబీ పువ్వులు వేసేది. దాన్ని కాగే నూనెలో ముంచి, పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెట్టి సన్నగా కుదిపితే పువ్వు విడివడి తేలేది. అరిసెలు, కజ్జికాయలు, జంతికలు వరసగా డబ్బాల్లోకి వెళ్ళేవి. కేకు పిండి మాత్రం ఇంట్లో కలిపి, రేకు గిన్నెల్లో పోసి, యూసుఫ్‌గూడ బేకరీకి పట్టుకెళ్ళేది. అక్కడ మా చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్ళ గిన్నెలన్నీ కాల్చడానికి వరస కట్టి ఉండేవి. పండగ రోజు తెల్లచీర కట్టుకుని చర్చికెళ్ళి వచ్చి, పులావు, కోడికూర, వడలు చేసి సందంతా పంచేది. ఒక్క మనిషి ఇంట్లో ఇరవై మందికి సరిపడా వండేది. ఎంత పంచినా గిన్నెలు సగానికి దిగేవి కావు.

"పండగరోజు నిన్ను అందరూ పిలుస్తారే. నా దగ్గరికి మర్నాడు రా" అంది మొదటి ఏడు.

మర్నాడు వెళితే నాలాంటి వాళ్ళు అయిదారుగురు ఉన్నారు. పండగ పూట పనికి పోవలసి వచ్చినవాళ్ళు, సొంతూరు వెళ్ళలేనివాళ్ళు. ఆవిడ పొయ్యి ముందు పీటమీద కూర్చుని నిన్నటి వంటనంతా మళ్ళీ కొత్తగా చేస్తోంది. వడలు పెరుగులో నానుతున్నాయి. కోడి ఎముకలు మిరియాలు, అల్లం వేసిన చారులో మరుగుతున్నాయి. పులావులో గుడ్లు కొట్టి కలిపి, మూతమీద నిప్పులు పెట్టింది. కజ్జికాయల్లోకి చేసిన కొబ్బరి పూర్ణం అడుగున కాస్త ఉంటే చపాతీ పిండిలో పెట్టి ఒత్తుతోంది. ఎండిపోయిన కేకు ముక్కల్ని చిదిపి, పాలు, గుడ్లు గిలకొట్టి పోసి, ఆవిరిమీద పెట్టింది. దాన్ని పుడ్డింగు అనేది. నేను నా జన్మలో తిన్న తీపుల్లో దానికి సాటి లేదు.

"ఇంత మిగిలింది, గిదంతా ఎవరు తింటరు ఆంటీ?" అన్నాను.

చేతిలో గరిటె ఆగింది. "మిగిలింది అనకే. ఉంది అను" అంది.

ఆ మాట ఆవిడ నోట చాలాసార్లు విన్నాను. చివరి జంతికల నూక పెరుగన్నం మీద చల్లుతున్నా అదే మాట. విరిగిన పువ్వులు పొడి చేసి పాలల్లో వేస్తున్నా అదే.

మాకు వడ్డించడానికి ముందు మాత్రం ఒక పని చేసేది. మూడు గిన్నెల స్టీలు క్యారేజీ తీసి, అడుగు గిన్నెలో మెత్తగా వండిన అన్నం, మధ్య గిన్నెలో కోడి మిరియాల చారు, పై గిన్నెలో పుడ్డింగు సర్దేది. "మీరు తింటూ ఉండండి" అని ఆటో ఎక్కి వెళ్ళిపోయేది. ఎవరికని అడిగితే "ఒక పెద్దావిడకి" అనేది. సాయంత్రం నాలుగింటికి వచ్చి, నోట్లో నీళ్ళు పోసి పుక్కిలించి, గోడవైపు తిరిగి పడుకునేది. ఆ పూట ఎవరం పలకరించకూడదు. తెలిసినవాళ్ళు నాకు సైగ చేశారు. తలనొప్పేమో అనుకున్నాను.

మూడో ఏడు ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి. క్యారేజీ పట్టుకోవడానికి నన్ను వెంట రమ్మంది. ఆటోలో కూర్చున్నాక అప్పుడు చెప్పింది.

అంతకు కొన్నేళ్ళ ముందు ఒక నటి ఉండేది. తన పాత్రకి తనే మాట చెప్పుకునేది. ఒక సినిమా షూటింగు అయిపోయి, డబ్బింగు సగంలో ఉండగా జబ్బు చేసి పోయింది. మిగతా సగం చెప్పడానికి ఆ గొంతు కావాలి. ఎవరూ ఒప్పుకోలేదు. ఈవిడ ఒప్పుకుంది. షూటింగులో అప్పటికప్పుడు రికార్డయిన ఆ అమ్మాయి మాటల్ని పది రోజులు ఇంటికి తెచ్చుకుని విన్నదట. కొంచెం ముక్కుతో, చివరి అక్షరం మింగేస్తూ మాట్లాడేదట ఆ అమ్మాయి. సినిమా విడుదలైతే ఏది ఎవరి గొంతో ఎవరూ పట్టుకోలేకపోయారు.

"అప్పుడు వాళ్ళమ్మగారు కబురు పంపారు. నన్ను ఒక్కసారి తీసుకురండని. ఆవిడకి షుగరొచ్చి చూపు పోయింది. ఏమీ కనపడదు. సరిగ్గా క్రిస్మస్ మర్నాడు. వట్టి చేతుల్తో ఎలా వెళ్తాను? ఇంట్లో ఉన్నది కట్టుకుని వెళ్ళా. ఏం మాట్లాడాలో తెలీలేదే. ఆ పిల్ల గొంతుతో 'అమ్మా, తిన్నావా' అన్నా. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కూతురే వచ్చిందనుకుంది. పెద్దతనం, మతి అటూ ఇటూ అవుతోందని ఇంట్లోవాళ్ళు అన్నారు. మళ్ళీ ఎప్పుడొస్తావంది. వచ్చే యేడు ఇదే రోజున అన్నా."

"ఏడాదికి ఒక్కసారేనా?"

"అంతకన్నా నావల్ల కాదు."

జూబ్లీ హిల్స్ ఎత్తుమీద, కాగితంపూల తీగె పాకిన గోడ వెనక పాత ఇల్లు. గేటు దగ్గర ఆవిడ లవంగం తీసి కొంగున ముడి వేసుకుంది. ఆ మెట్లు ఎక్కుతున్నప్పుడు నేను ఆవిడ వెనకే ఉన్నాను. మోకాళ్ళ నొప్పి మనిషి, చిన్నపిల్లలా టకటకా ఎక్కింది. భోజనాల బల్ల దగ్గర నెరిసిన జుట్టు ముడి వేసుకుని, సన్నంచు చీరలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. మా అడుగుల చప్పుడుకి మొహం ఇటు తిప్పింది.

"అమ్మా, తిన్నావా?"

నేను క్యారేజీ జారవిడిచేదాన్ని. నా పక్కనున్న అరవయ్యేళ్ళ మనిషి నోట్లోంచి పాతికేళ్ళ అమ్మాయి మాట్లాడింది. ఆ అమ్మాయి సినిమాలు నేను చూశాను. ఆమె పోయిందని నాకు తెలుసు. అయినా గదిలో ఆమె ఎక్కడుందోనని చుట్టూ చూశాను.

"నువ్వు పెడితే తింటా" అంది ముసలావిడ.

చారన్నం కలిపి ముద్దలు చేసి తినిపిస్తూ ఎండ గురించి, మోకాళ్ళ గురించి, మామిడి పూత గురించి మాట్లాడుకున్నారు. గంట గడిచింది. పుడ్డింగు చివరి చెంచా దాకా తినిపించి, మూతి తుడిచి, "వస్తానమ్మా" అని లేచింది. ఇంటికెళ్ళి పుక్కిలించి, గోడవైపు తిరిగాక అంది. అదీ ఆ ముక్కు గొంతుతోనే వచ్చింది.

"ఇవాళ నన్ను మాట్లాడించకే. ఆ పిల్ల ఇంకా గొంతులోనే ఉంది."

ఆ రోజు నాకు భయం వేసింది. అబద్ధమెందుకు, ఆవిడంటేనే భయం వేసింది. చాలా రోజులు మైకు దగ్గర ఆవిడ పక్కన నిలబడితే వీపు జలదరించేది.

తర్వాత అయిదారేళ్ళకి దసరా రోజుల్లో ఆవిడ గొంతు బొంగురుపోయింది. లవంగాలు, మిరియాల కషాయం, ఆవిరి ఏవీ పనిచెయ్యలేదు. గొంతులో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. చిన్నపిల్లలు రాసుకునే పలక ఒకటి కొనుక్కుని, దానిమీద రాసి చూపించేది. మేం ఏడుస్తుంటే "మీకేం పోయిందే, నాలుగు రోజులు హాయిగా ఉండండి" అని రాసింది.

డిసెంబరు వచ్చింది. ఆ ఏడు అరిసెలు లేవు, పువ్వులు లేవు. నేనూ ఇంకొకమ్మాయీ కలిసి పులావు, కోడికూర వండాం. బేకరీలో చిన్న కేకు కాల్పించాం. పండగ రాత్రి ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పలకమీద రాసింది. "రేపు నువ్వు వెళ్ళు."

"నేనా? నాకు రాదు ఆంటీ. నావల్ల అయితదా?"

నా ఎడమ చెయ్యి లాక్కుంది. అరచేతిమీద వేళ్ళతో తట్టింది. అమ్మా అన్న చోట రెండు దెబ్బలు, ఆగి, తిన్నావా అన్న చోట మూడు, చివరిది తేలిగ్గా. నేను అన్నాను. తల అడ్డంగా ఊపింది. మళ్ళీ తట్టింది. ముక్కు పట్టి చూపించింది. చివరి అక్షరం మింగమని గొంతు మీద వేలు పెట్టి చూపించింది. ఆ కోసిన మచ్చ మీదే. పాతిక ముప్పైసార్లయ్యాక కళ్ళు మూసుకుని వింది. సరే అన్నట్టు చెయ్యి వదిలింది.

మర్నాడు పొద్దున పుడ్డింగు తనే చేసింది. చారు రుచి చూసి ఇంకో నాలుగు మిరియాలు దంచి వేసింది. క్యారేజీ సర్ది నా చేతికిచ్చింది.

ఆ ఇంట్లో పనిచేసే ఆమె తలుపు తీసింది. ముసలావిడ అదే కుర్చీలో ఉంది. ఇంకా చిక్కిపోయింది. గిన్నెలు విప్పాను. కంచంలో అన్నం పెట్టి, చారు పోసి, గుండె గట్టిచేసుకుని అన్నాను.

"అమ్మా, తిన్నావా?"

బాగానే వచ్చింది. నేను ఆ పనిలో ఉన్నదాన్నే కదా, నాకు తెలుస్తుంది. కానీ ఆవిడ నోరు తెరవలేదు. చెయ్యి చాచి నా మణికట్టు తడిమింది.

"ఎవరమ్మాయ్ నువ్వు? ఆవిడకేమైంది?"

"ఎవరికమ్మా?" అన్నాను, ఇంకా ఆ దొంగ గొంతుతోనే.

"చాల్లే. నీ గొంతుతో మాట్లాడు. ప్రతి యేడూ వచ్చే ఆవిడ. మిరియాల చారు ఆవిడ."

చెప్పాను. ఆపరేషన్ సంగతి, మాట పోయిన సంగతి. ముసలావిడకి కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"మీకు తెలుసా అమ్మగారూ? మొదటి నుంచీ?"

"మా అమ్మాయి నన్ను ఏనాడూ తిన్నావా అని అడగలేదే. షూటింగు నుంచి వస్తే తలుపేసుకుని పడుకునేది. కోపం వచ్చిందంటే కంచం తోసేసేది. అదీ నా బిడ్డ. గొంతు దానిదే, ఆ మాట దానిది కాదు. కన్నదాన్ని, నాకు తెలీదా?"

"మరి చెప్పలేదెందుకు?"

"చెబితే మళ్ళీ రాదుగా" అంది.

ఆ తర్వాత నా చేత్తోనే తిన్నది. సగం తిని ఆపి, "ఈ సంగతి ఆవిడకి చెప్పకు. సిగ్గుపడుతుంది. ఇన్నాళ్ళు నా ఎదురుగా వేషం వేశానని బాధపడుతుంది. బాగయ్యాక రమ్మను, మాట లేకపోయినా సరే. రాలేకపోతే నువ్వు రా. నీ గొంతుతో రా" అంది.

"వస్తా" అన్నాను.

నేను తిరిగొచ్చి మేడ మెట్లెక్కేసరికి ఆంటీ గుమ్మంలోనే కూర్చుని ఉంది, పలక ఒళ్ళో పెట్టుకుని. ముందే రాసి ఉంచింది. "గుర్తు పట్టిందా?"

"లేదు ఆంటీ. కూతురే అనుకుంది. మొత్తం తిన్నది."

రెండు చేతులూ జోడించి పైకి చూసింది. పెదాలు స్తోత్రం అన్నట్టు కదిలాయి. తర్వాత పలక తుడిచి మెల్లగా రాసింది. రాసి నాకు చూపించాలా వద్దా అని కాసేపు అలాగే పట్టుకుంది.

"గుడ్డి తల్లిని మోసం చేస్తున్నా. ప్రతి యేడూ దేవుణ్ణి క్షమించమని అడుగుతా. మానలేకపోతున్నా."

అప్పుడు చెప్పెయ్యవలసింది. నోటి చివరిదాకా వచ్చింది. మోసపోయినవాళ్ళు ఎవరూ లేరు ఆంటీ, ఆవిడ నీ కోసమే ఎదురు చూస్తుందట, నీ మాట కోసమే, అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. చెప్పనని మాట ఇచ్చాను కదా అనుకున్నాను. ఆవిడ కాస్త కోలుకున్నాక చెబుదాంలే అని కూడా అనుకున్నాను. ఆవిడ ఫిబ్రవరిలో పోయింది. చివరి వారం పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తుంటే ఆయనకి పలకమీద ఏదో రాసి చూపించి, ఆయన చూడగానే కొంగుతో తుడిచేసింది. ఏం రాసిందో నాకు తెలుసు. నేను ఆ గదిలోనే, మందుల డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆ డిసెంబరులో నేను జూబ్లీ హిల్స్ వెళ్ళలేదు. ఏ మొహంతో వెళ్ళాలి? ఆవిడ లేదన్న మాట ఆ ముసలావిడకి చెప్పాలి. వండి పట్టుకెళ్ళడానికి క్రిస్మస్ చేసుకునే ఇల్లు కాదు నాది. ఇలా ఏవేవో చెప్పుకున్నాను.

మరుసటి ఏడు వెళ్ళాను. బేకరీ కేకు ముక్కలు తెచ్చి, రెండు రోజులు ఎండనిచ్చి, ఆవిడ చేసినట్టే ఆవిరిమీద పుడ్డింగు చేశాను. చారు కాచాను. గేటు తీసిన పనావిడ నన్ను చూసి గుర్తుపట్టింది. క్యారేజీ వైపు చూసింది.

"అమ్మగారు లేరక్కా. మొన్న వానకాలంల పోయిండ్రు. మీకు ఎట్ల చెప్పాల్నో మాకు తెల్వది, ఫోన్ నంబరు లేకపాయె."

ఇద్దరం గేటు లోపల మెట్లమీద కూర్చున్నాం. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"పోయినేడు గీ దినం నాడు పొద్దుగాల్నే తానం చేసి కూసున్నరు. నేను అన్నం పెడ్త అంటె వద్దన్నరు. ఇయ్యాల బయటికెంచి వస్తది, ఎవరో ఒకరు తెస్తరు అన్నరు. రెండయింది, మూడయింది. జర తినుండ్రి అమ్మా, షుగరు గోళీ ఏసుకోవాలె అంటె ఇనలే. ఆటో సప్పుడైతె చాలు, మొహం గిట్ల తిప్పేది. పొద్దుగూకినంక నేనే బలవంతంగ ఇంత పెరుగన్నం తినిపించిన."

నేను ఆమె మొహంలోకి చూడలేకపోయాను. క్యారేజీ విప్పి ఆమెకే పెట్టాను. కాపలా అతనికీ పెట్టాను. వాళ్ళు బాగుందనే తిన్నారు.

ముసలావిడ అలా ఎదురుచూసిన రోజున నేనేం చేశానో నాకు బాగా జ్ఞాపకం ఉంది. పని కూడా లేదు. యూసుఫ్‌గూడలో గదిలోనే ఉన్నాను. దుప్పట్లు నానబెట్టి ఉతికాను. మేడమీద ఆరేశాను. ఎండ బాగా కాసింది, మధ్యాహ్నం రెండింటికల్లా ఆరిపోయాయి. వాటిని మడతపెట్టుకుని, తలుపు గడియ వేసుకుని పడుకున్నాను.